అరువు సుగుణాలు: ‘ది గాడ్‌ఫాదర్’ నవలపై పాఠకాభిప్రాయాలు – ఒక నైతిక విచారణ

మారియో పూజో రచించిన ‘ది గాడ్‌ఫాదర్’ నవల 1969లో న్యూయార్కులో వెలువడింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించే అత్యధిక విక్రయాల పట్టికలో 67 వారాలు నిలిచింది. 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చి, చదవనివారికి కూడా పరిచయమైంది. అర్ధశతాబ్దానికి పైగా ఈ నవలపై పోగుపడిన పాఠకాభిప్రాయాలలో పునరుక్తి ఎక్కువ. కథ చేతిలోంచి దించనివ్వదని ఒకరంటే, గాయకుడు జానీ ఫాంటేన్ చుట్టూ, లూసీ మాన్సీనీ చుట్టూ అల్లిన ఉపకథలు అనవసరమని మరొకరు అంటారు. నవల గొప్పదా, చిత్రం గొప్పదా అనే వాదం ఎప్పుడూ ఉన్నదే. వీటన్నిటి అడుగున, వివాదమే లేనట్లుగా, ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: డాన్ కోర్లియోనే నేరస్థుడే గాని మంచివాడు.

ఈ వ్యాసం పరిశీలించేది ఆ ఒక్క మాటనే. అందులో ‘గాని’ అనే అవ్యయం మోస్తున్న బరువు చిన్నది కాదు. తెలుగు వాక్యంలో ‘గాని’కి ముందున్నది ఒప్పుకోలు, తరువాత వచ్చేది తీర్పు. ‘మంచివాడే గాని నేరస్థుడు’ అన్నా సమాచారం మారదు, తీర్పు మారుతుంది. ఆ రెండో క్రమంలో చెప్పే పాఠకులు అరుదు. హత్యలు చేయించినవాడని తెలిసి, ఆ సంగతిని వాక్యపు మొదటి సగంలో సర్దేసి, రెండో సగాన్ని మెచ్చుకోలుకు కేటాయించడం పాఠకుడి నైతిక లోపమా? లేక అతడు నవలలో నిజంగానే ఏదో మంచిని చూశాడా?

ఇటువంటి ప్రశ్నకు రెండు సమాధానాలు సిద్ధంగా దొరుకుతాయి. కావ్యం కాంతాసమ్మితంగా ఉపదేశించాలని, రాముని వలె నడవాలి తప్ప రావణుని వలె కాదని బోధించాలని నమ్మే సంప్రదాయం ప్రకారం ఈ నవల దోషి, దాన్ని మెచ్చినవాడు దోషంలో భాగస్వామి. దుష్టుడు దుఃస్థితి నుండి సుస్థితికి చేరడం విషాద నాటకానికి ఏమాత్రం తగదన్న అరిస్టాటిల్ కూడా ఇంచుమించు ఈ పక్షమే. రెండో సమాధానం ప్రకారం కల్పన కల్పనే. పుస్తకం మూయగానే పాఠకుడు మామూలు మనిషి అయిపోతాడు, కాబట్టి అతని ఇష్టాయిష్టాలకు నీతితో పని లేదు. ఈ రెండింటిలోనూ ఒక కొరత ఉంది. పాఠకుడు తన మెచ్చుకోలుకు ఏ కారణాలు చెబుతున్నాడో రెండూ వినవు. ఒకటి వినకుండానే శిక్షిస్తుంది, రెండోది వినకుండానే విడిచిపెడుతుంది.

ఆ కారణాలు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. డాన్ మాట తప్పడు. చేసిన మేలు మరువడు, ఎదుటివారిని మరవనివ్వడు. పేదవాడు తలుపు తట్టితే వినడానికి కూర్చుంటాడు. పిల్లలను ప్రేమిస్తాడు. తక్కువ మాట్లాడతాడు, కోపాన్ని బయట పెట్టడు, ఆడంబరం ఎరుగడు. పాఠకులు మెచ్చుకుంటున్నవి తుపాకీని, అధికారాన్ని కావు. ఏ సమాజమైనా గౌరవించే గృహస్థధర్మాలను. అవి నిజంగా సుగుణాలే. అవి ఎక్కడివి అన్నదే ఆలోచించవలసిన విషయం.

సుగుణాల మూలం

పూజో 1920లో న్యూయార్కు నగరంలోని మన్‌హట్టన్‌లో, ‘హెల్స్ కిచెన్’ అనే పేదల పేటలో, ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. ‘ది గాడ్‌ఫాదర్’కు ముందే నవలలు రాశాడు. వాటిలో ఒకటి ‘ది ఫార్చ్యునేట్ పిల్‌గ్రిమ్’. 1965 నాటి ఆ నవలలో కథానాయిక లూసియా సాంటా అనే వలస తల్లి. కష్టాల మధ్య పిల్లలను పెంచి, ఇల్లు నిలబెట్టడానికి మొండిగా, ఒక్కొక్కప్పుడు నిర్దయగా పోరాడుతుంది. విమర్శకులు మెచ్చారు, డబ్బు రాలేదు. తన రచనల్లో అదే ఉత్తమమైనదని పూజో చివరివరకు భావించాడు. నలభై అయిదేళ్ల వయసులో ఇరవై వేల డాలర్ల అప్పుతో ఉండి, అమ్ముడుపోయే పుస్తకం రాయాలన్న నిశ్చయంతో ‘ది గాడ్‌ఫాదర్’కు పూనుకున్నానని 1972లో ప్రచురించిన వ్యాససంపుటిలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. (ఆ అప్పులిచ్చినవారిలో పందేలు కట్టించుకునేవారు, వడ్డీ వ్యాపారులు కూడా ఉన్నారట. నేర ప్రపంచానికి అతడు అప్పుడే కొంత బాకీ పడి ఉన్నాడన్నమాట.) తాను అసలైన నేర ముఠా నాయకుడిని ఒక్కడినీ కలవలేదని, పుస్తకాలు చదివి సేకరించిన సమాచారంతోనే నవల రాశానని అదే వ్యాసంలో ఒప్పుకున్నాడు.

అయితే డాన్ కోర్లియోనే కంఠస్వరం ఎక్కడ దొరికింది? ‘ది ఫార్చ్యునేట్ పిల్‌గ్రిమ్’ పునర్ముద్రణకు రాసిన ముందుమాటలో పూజో దీనికి జవాబిచ్చాడు. డాన్ నోరు విప్పినప్పుడల్లా తన మనసులో వినిపించింది తల్లి గొంతేనట. ఆమె వివేకం, కాఠిన్యం, కుటుంబంపట్ల అంతులేని మమకారం డాన్ పాత్రలోకి ప్రవేశించాయని అతని భావం.

ఈ ఒప్పుకోలును ముచ్చటైన జీవిత విశేషంగా మాత్రమే చూసి దాటిపోతుంటారు. నైతిక విచారణలో దీని ప్రాధాన్యం చాలా ఎక్కువ. పాఠకులు మెచ్చిన పొదుపు, మాట నిలకడ, ఇంటివారికోసం ఎంతకైనా తెగించే గుణం పేదపేటలో పిల్లల్ని సాకిన ఒక స్త్రీవి. అవి ఆమెకు పేదరికం నేర్పినవి, కష్టపడి సంపాదించుకున్నవి. నవలలో వాటిని అరువు తెచ్చి, వాటికోసం ఏ కష్టమూ పడని మరో ప్రాణికి తొడిగారు. కాబట్టి ‘డాన్ మంచివాడు’ అంటున్న పాఠకుడు గుణాల విషయంలో పొరబడలేదు, వాటి యజమాని విషయంలో పొరబడుతున్నాడు. లూసియా సాంటాను చదవనివారు కూడా ఆమెనే మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు చేరుతున్న చిరునామా మాత్రం వేరు.

ఆలంకారికుల రసాభాస చర్చ ఇక్కడ కొంత వెలుగునిస్తుంది. భావం అనుచితమైన ఆశ్రయంలో ప్రవర్తిస్తే అది రసాభాసమని వారు చెప్పారు. అధమపాత్రగతమైన ఉత్సాహాన్ని వీరాభాసమన్నాడు విశ్వనాథుడు. అధమత్వాన్ని పుట్టుకతో, హోదాతో కొలిచిన ఆనాటి కొలమానాన్ని ఇవాళ ఎవరూ అంగీకరించనక్కరలేదు. స్వీకరించవలసింది అందులోని తర్కాన్ని. రసాభాసం కూడా ఆస్వాద్యమేనని, రసంలాగే చవిచూడబడుతుందని వారు ఒప్పుకున్నారు. అంటే సహృదయుడి అనుభవం అబద్ధం కాదు. ఔచిత్యభంగం జరిగింది అతని హృదయంలో కాదు, ఆశ్రయంలో. ‘ది గాడ్‌ఫాదర్’ పాఠకుడి స్థితి సరిగ్గా ఇదే. అయితే ఆలంకారికులు చెప్పని మరో మాటను ఇక్కడ చేర్చవలసి ఉంది. ఆశ్రయం అనుచితమని గుర్తించే అవకాశం పాఠకుడికి ఉందా, లేక ఆ అవకాశాన్ని కథన క్రమమే అతనికి ఆలస్యంగా అందించిందా?

న్యాయస్థానం నుండి డాన్ గదికి

నవల నేరంతో కాక న్యాయస్థానంతో మొదలవుతుంది. మృతదేహాలను అంత్యక్రియలకు సిద్ధం చేసే వృత్తిలో ఉన్న అమెరిగో బొనసేరా న్యూయార్కు క్రిమినల్ కోర్టులో కూర్చుని ఉంటాడు. అతని కూతురిని చెరచబోయి, లొంగనందుకు చావగొట్టిన ఇద్దరు యువకులకు న్యాయమూర్తి శిక్ష విధించి, ఆ శిక్షను అమలు కాకుండా నిలిపివేస్తాడు. పలుకుబడి గల కుటుంబాల పిల్లలు నవ్వుకుంటూ ఇంటికి వెళ్తారు. అప్పటిదాకా అమెరికా చట్టాన్ని నమ్ముకున్న ఆ తండ్రి, న్యాయం కోసం డాన్ కోర్లియోనే దగ్గరకు పోవాలని భార్యతో అంటాడు.

ఈ ఆరంభం తరువాత ఏ పాఠకుడైనా డాన్ గదిలోకి బొనసేరా వెంటే నడుస్తాడు, అతని కోపంతోనే నడుస్తాడు. ఆ గదిలో జరిగేది ఇంకా సూక్ష్మం. యువకులను చంపమని బొనసేరా కోరతాడు. అది న్యాయం కాదని, నీ కూతురు బతికే ఉంది కదా అని డాన్ అభ్యంతరం చెబుతాడు. శిక్ష నేరానికి మించరాదన్న సూత్రం హఠాత్తుగా ముఠా నాయకుడి నోట వినిపించేసరికి పాఠకుడు చకితుడవుతాడు. కోర్టులో లేని తూకం ఇక్కడ కనిపిస్తుంది. చాలామంది పాఠకుల దృష్టిలో డాన్ ‘మంచివాడు’ అయ్యేది ఈ క్షణంలోనే.

ఆ గదిలో డబ్బు మారకంగా చెల్లదు. బొనసేరా డబ్బు ఇవ్వజూపితే డాన్ మందలిస్తాడు. బొనసేరా కూతురికి డాన్ భార్యే జ్ఞాన తల్లి. అయినా ఇన్నాళ్లూ ఆ బంధుత్వాన్ని పాటించకుండా తప్పించుకు తిరిగాడని అసలు ఫిర్యాదు. బొనసేరా తలవంచి, ‘గాడ్‌ఫాదర్’ అని పిలిచి, ఎప్పుడో ఒకప్పుడు తీర్చవలసిన రుణాన్ని నెత్తిన వేసుకున్న తరువాతే పని జరుగుతుంది. ఇటాలియన్ సాంఘికశాస్త్రజ్ఞుడు డియేగో గాంబెట్టా సిసిలీ మాఫియాపై చేసిన అధ్యయనంలో మాఫియా అమ్మే సరుకు రక్షణ అని నిరూపించాడు. మనుషుల మధ్య, సంస్థలమీద నమ్మకం కొరవడిన చోట ఆ సరుకుకు గిరాకీ. కాబట్టి నమ్మకం పెరగకుండా చూడడమే ఆ వర్తకుడికి లాభం. ఈ వెలుగులో చూస్తే బొనసేరాకు డాన్ ఇచ్చింది న్యాయం కాదు, వాయిదా మీద అమ్మిన రక్షణ. న్యాయస్థానాలు సవ్యంగా పనిచేస్తే ముందుగా మూతపడేది డాన్ గదే. పైగా న్యాయమూర్తులను, రాజకీయ నాయకులను జేబులో ఉంచుకోవడమే కోర్లియోనే కుటుంబపు ప్రధాన మూలధనమని నవలే చెబుతుంది. పలుకుబడి ముందు వంగిన ఒక న్యాయమూర్తి మీద కోపంతో నవలలోకి అడుగుపెట్టిన పాఠకుడు, న్యాయమూర్తులను వంచడమే వృత్తిగా పెట్టుకున్నవాడిని ఆశ్రయించి సంతృప్తి పడుతున్నాడు. ఈ వైరుధ్యాన్ని గమనించే పాఠకాభిప్రాయాలు తక్కువ.

చట్టం విఫలమైన చోట కథ ఎటు నడవగలదో తెలుగు పాఠకులకు వేరే నిదర్శనం తెలుసు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథలో కూడా న్యాయస్థానం బోలుదే. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, పోలీసులు, కోర్టు, ప్లీడర్లు కలిసి నడిపే తంతును యువ న్యాయవాదికి తన నోటితో తానే వివరిస్తుంది. చట్టం విఫలమైనప్పుడు రావిశాస్త్రి పాఠకుణ్ణి బాధితురాలి మాట దగ్గరకు తీసుకుపోతాడు, పూజో రక్షకుడి గదిలోకి తీసుకుపోతాడు. బొనసేరా కూతురు నవలలో ఒక్కసారైనా తన మాటగా ఏం కోరుకుంటున్నదో చెప్పదు. ఆమె దెబ్బలు ఆ ఇద్దరు పురుషుల బేరానికి ముడిసరుకు మాత్రమే.

ఆలస్యంగా చెప్పిన సంగతులు

పాఠకులు తరచుగా చెప్పే మరో కారణం డాన్ మాదకద్రవ్యాల వ్యాపారాన్ని నిరాకరించడం. అతనికంటూ ఒక నీతి ఉందనడానికి దీన్ని సాక్ష్యంగా చూపుతారు. పాఠంలోకి తిరిగి వెళ్తే సంగతి వేరుగా ఉంది. సొలొజ్జో ప్రతిపాదనను కాదన్నప్పుడు డాన్ చెప్పే కారణం ఆ వ్యాపారం పాపమని కాదు. జూదాన్ని చూసీచూడనట్లు పోయే రాజకీయ మిత్రులు మాదకద్రవ్యాలంటే దూరమవుతారని, గిట్టుబాటుకు మించిన అపాయమని మాత్రమే. ఎవరు ఎలా బతుకుతున్నారో తీర్పు చెప్పడం తన పని కాదని కూడా అంటాడు. పెద్దకొడుకు సనీ హత్య తరువాత జరిగిన సంధిలో అదే వ్యాపారానికి తన రాజకీయ రక్షణను కొంతమేరకు అందించడానికి ఒప్పుకుంటాడు. వ్యాపార వివేకాన్ని నైతిక నిరాకరణగా పాఠకులు చదువుకున్నారు. మొదటి గదిలో ఏర్పడిన అభిప్రాయం తరువాతి పుటలను తనకు అనుకూలంగా సవరించుకుంటూ పోయింది.

అంతకన్నా బలమైన ఉదాహరణ లూకా బ్రాసి. పెళ్లి ఘట్టంలో అతడు డాన్‌కు శుభాకాంక్షలు చెప్పే తీరులో మొరటు భక్తి, కొంత అమాయకత్వం కనిపిస్తాయి. డాన్‌కు అంగరక్షకంగా ఉన్న భయంకరమైన కుక్కలాంటివాడిగా, తరువాత దారుణంగా చంపబడిన విశ్వాసపాత్రుడిగా అతడు పాఠకుడి మనసులో స్థిరపడతాడు. నవల సగం దాటాక, సిసిలీలో తలదాచుకున్న మైకేల్‌కు ఫిలోమీనా అనే ముసలి మంత్రసాని ఒక సంగతి చెబుతుంది. తనకు పుట్టిన పసికందును లూకా ఆమె చేతనే మండుతున్న కొలిమిలో వేయించాడు. ఆ బిడ్డను కన్న యువతి కూడా బతకలేదు. ఇది తెలిసే డాన్ లూకాను చట్టం నుండి తప్పించి, తనవాడిని చేసుకున్నాడు.

ఈ సంగతి నవల తొలి పుటలలోనే ఉంటే బొనసేరాకు చెప్పిన తూకం మాటలు ఎలా వినిపించేవి? శిక్ష నేరానికి మించరాదన్న మనిషే, కొలిమిలో పడిన శిశువు ఖరీదుకు ఒక హంతకుడి విశ్వాసాన్ని కొనుక్కున్నవాడు. పూజో ఈ సంగతిని దాచలేదు, ఆ మేరకు అతడు నిజాయితీపరుడే. కానీ పాఠకుడి ప్రేమ గట్టిపడిన తరువాత చెప్పాడు, అది కూడా సముద్రానికి ఆవలి ఒడ్డున, గతించిన కథగా చెప్పాడు. అందుకే ఈ నవలపై అభిప్రాయం చెప్పేవారిలో గుర్రం తల ప్రస్తావించనివారు దాదాపు ఉండరు, శిశువును ప్రస్తావించేవారు అరుదు. చలనచిత్రంలో ఆ ఘట్టం లేకపోవడం దీనికి కొంత కారణం కావచ్చు. నవల చదివినవారి విషయంలో మాత్రం ఆ సాకు చాలదు. గుర్రం యజమాని జాక్ వోల్ట్‌జ్‌ను బాలికలపై అకృత్యాలు చేసేవాడిగా చిత్రించి, అతనిపై జరిగిన దౌర్జన్యానికి పాఠకుడి సమ్మతిని ముందే సంపాదించిన నేర్పు కూడా ఈ కోవలోదే. కోర్లియోనే చేతిలో దెబ్బతిన్నవారిలో అధికులు ఏదో ఒక విధంగా అందుకు తగినవారే. ఇది జీవితంలో సాధ్యం కాని పొందిక.

ఇతర పాఠకులు

పాఠకులందరూ ఒకే చోట కూర్చుని చదవరు. ఇటాలియన్ అమెరికన్లలో అనేకులకు ఈ నవల, చిత్రం తమ సమూహం మొత్తానికి నేరముద్ర వేశాయన్న బాధ కలిగింది. ఆ బాధ న్యాయమైనది. కానీ దాన్ని వ్యక్తం చేసిన తీరులో ఒక విపరీతం ఉంది. 1970లో ఏర్పడిన ఇటాలియన్ అమెరికన్ పౌరహక్కుల సంఘం ఒత్తిడి తెచ్చి చిత్ర సంభాషణల నుండి ‘మాఫియా’ అనే మాటను తొలగింపజేసింది. ఆ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ కొలంబో న్యూయార్కులోని ఐదు మాఫియా కుటుంబాలలో ఒకదానికి అధిపతి. మాటను తీయించింది ఆ మాటకు అర్థమైనవాడే.

నేరస్థులూ దీని అభిమానులలో ఉన్నారు. గాంబినో కుటుంబంలో రెండవ స్థానంలో ఉండి 1991లో ప్రభుత్వ సాక్షిగా మారిన సాల్వతోరే గ్రావానో, యౌవనంలో ఆ చిత్రం తనను ఎంతగానో కదిలించిందని తరువాత చెప్పుకున్నాడు. నేపుల్స్ ప్రాంతపు కామోర్రా ముఠాలపై 2006లో ‘గొమోర్రా’ రాసి, నాటి నుండి పోలీసు రక్షణలో బతుకుతున్న రొబెర్తో సవియానో, నిజ నేరస్థులు తెర మీది నేరస్థులను అనుకరించడాన్ని వివరంగా నమోదు చేశాడు. మరో అమెరికన్ చిత్రంలోని భవనాన్ని చూసి, అటువంటిదే కట్టించుకున్న నాయకుడి ఉదంతం అందులో ఉంది. ఇటువంటివారికి ఈ కథలు అద్దంలా ఉపయోగపడ్డాయి, అసలు ముఖం కన్నా అందంగా చూపే అద్దంలా. తమ వద్ద లేని సుగుణాలు అరువుగా దొరికితే ఎవరు కాదంటారు?

అలాగైతే మాఫియా నాయకుడిని నవలలో ముఖ్యపాత్ర చేయకూడదా? ఈ ప్రశ్న ఇటలీలోనే, అదీ మాఫియాను నిలదీసిన నవల విషయంలోనే లేచింది. లియొనార్దో షాషా 1961లో ప్రచురించిన ‘గుడ్లగూబ పగలు’ నవలలో మాఫియా ఒత్తిడికి లొంగని కొలస్‌బెర్నా అనే చిన్న గుత్తేదారు తెల్లవారుజామున బస్సు ఎక్కబోతూ హత్యకు గురవుతాడు. బస్సులోని వారంతా మాయమవుతారు. ఎవరూ ఏమీ చూడలేదు. ఉత్తర ఇటలీ నుండి వచ్చిన కెప్టెన్ బెల్లోది దర్యాప్తు చేసి డాన్ మరియానో వరకు చేరతాడు. చివరికి కేసు నీరుగారిపోతుంది. నవల పక్షం స్పష్టం. అయినా మనుషులను తరగతులుగా విభజించి డాన్ మరియానో చెప్పిన మాటలే పాఠకుల నోళ్లలో నిలిచాయి. సిసిలీకే చెందిన నవలాకారుడు ఆండ్రియా కమిల్లేరి, షాషాకు ఆత్మీయుడై ఉండి కూడా, ఈ నవల విషయంలో గట్టి అభ్యంతరం చెప్పాడు. రచన ముఠా నాయకుడిని గొప్పవాడిగా నిలబెడుతుందని, అందువల్ల అతడిని అలా ముందుకు తీసుకురాకూడదని అతని వాదం.

కమిల్లేరి భయం అర్థం చేసుకోదగినదే గాని అతని నిర్ణయం అంగీకరించదగినది కాదు. షాషా నవలలో కొలస్‌బెర్నా శవం మొదటి పుట నుండి పాఠకుడి ఎదుటే ఉంటుంది. తోడబుట్టినవారు, కలిసి పనిచేసినవారు, చూసి మౌనం వహించినవారు అందరూ ఆ శవం చుట్టూ తిరుగుతారు. డాన్ మరియానో మాటలు ఎంత పదునుగా ఉన్నా ఆ లెక్క చెరిగిపోదు. పూజో నవలలో లెక్క ఉంది, కాని వెనక పుటలలో ఉంది. రెండు నవలల మధ్య తేడా నేరస్థుడి ఆకర్షణలో లేదు, మృతులను ఎక్కడ కూర్చోబెట్టారన్న దానిలో ఉంది.

మరో వైపు నుండి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. డాన్ పట్ల పాఠకుల మెచ్చుకోలు వెనుక వ్యవస్థపై సరైన అసంతృప్తి ఉందని, దాన్ని నైతిక లోపంగా చూడడం పైవర్గాల అలవాటని ఈ వాదం. ఫ్రెడ్రిక్ జేమ్‌సన్ 1979 నాటి వ్యాసంలో మాఫియా కథలను ఇలాగే విశ్లేషించాడు. పెద్ద వ్యాపారం చేసే హానికి ప్రజల్లో పుట్టిన కోపాన్ని ఈ కథలు నేర ముఠా మీదికి మళ్లిస్తాయి. అదే సమయంలో, చెదిరిపోతున్న సమాజంలో కుటుంబమనే ఆశ్రయం కోసం ఉన్న తపనను కూడా తీరుస్తాయి. ఈ పరిశీలన లోతైనది. బొనసేరా కోపం, పాఠకుడి కోపం నిజమైనవే. అయితే ఎరిక్ హాబ్స్‌బామ్ చేసిన విభజనను కూడా పక్కన ఉంచుకోవాలి. పేదల పక్షాన నిలిచిన బందిపోట్ల చరిత్ర ‘బాండిట్స్’ను అతడు ఈ నవల వచ్చిన 1969లోనే ప్రచురించాడు. అంతకు పదేళ్ల ముందే, 1959లో, మాఫియాను వేరే అధ్యాయంలో వేరుగా చర్చించి, అది భూస్వాముల చేతి కర్ర కూడా కాగలిగిందని చూపాడు. డాన్ కోర్లియోనేను జానపద గాథల దొంగదొరగా చదివే పాఠకుడు ఈ రెండు అధ్యాయాలనూ కలిపేస్తున్నాడు. 2005లో రామ్‌గోపాల్‌వర్మ ఈ కథకు బాహాటంగా రుణపడి తీసిన ‘సర్కార్’ చిత్రంలోనూ, చట్టానికి సమాంతరంగా దర్బారు తీర్చే పెద్దమనిషి చుట్టూ ఇదే కలగలుపు ఉంది.

రచయిత తన రాత ఏ మంచిని దెబ్బతీస్తుందో, ఏ చెడుకు కొమ్ముకాస్తుందో చూసుకోవాలన్న రావిశాస్త్రి హెచ్చరిక తెలుగు విమర్శలో అందరికీ తెలిసినదే. ఆ బాధ్యతను ఇప్పటిదాకా రచయిత మీదనే మోపుతూ వచ్చారు. పాఠకుడు తన అభిప్రాయాన్ని పదిమందిలో చెప్పిన క్షణంలో అతడూ కొంతవరకు రచయితే. కథను తిరిగి చెబుతున్నాడు, ఏది ముందో ఏది వెనకో తానే నిర్ణయిస్తున్నాడు. పూజో వెనక పుటలలో ఉంచిన శిశువును తన అభిప్రాయంలో ముందుకు తెచ్చే స్వేచ్ఛ అతనికుంది. డాన్‌ను ఇష్టపడడం మానవలసిన పని లేదు. ఇష్టం మనసు చేతుల్లో ఉండేది కాదు, పైగా ఆ ఇష్టంలో ఒక తల్లికి చెందవలసిన గౌరవం కలిసి ఉంది. ‘గాని’ తరువాత ఏది చెప్పాలన్నది మాత్రం అతని చేతుల్లోనే ఉంది.

నవలలో ఈ పని చేసే పాత్ర ఒకటి ఉంది. చలనచిత్రం కే ఆడమ్స్ ముఖం మీద తలుపు మూసి ముగుస్తుంది. ఆమెకు అనుమానమే మిగులుతుంది. నవల అక్కడ ఆగదు. కే పిల్లలతో సహా న్యూ హాంప్‌షైర్‌లోని పుట్టింటికి వెళ్లిపోతుంది. టామ్ హేగన్ వెళ్లి, తన భర్త ఏం చేశాడో, ఎందుకు చేశాడో ఆమెకు అర్థమయ్యేలా చెబుతాడు. అన్నీ తెలిసి ఆమె తిరిగి వస్తుంది. పాఠకుడికి తెలిసినంతా ఆమెకు తెలుసు, పాఠకుడిలాగే ఆమెకూ మైకేల్ మీద ప్రేమ పోలేదు. కాథలిక్ మతం స్వీకరించి, రోజూ పొద్దున్నే చర్చికి వెళ్లి మైకేల్ ఆత్మ కోసం ప్రార్థిస్తుంది. ఆమెకు ఈ దారి చూపింది అత్తగారు. డాన్ భార్య ఎన్నో ఏళ్లుగా ప్రతి ఉదయం చర్చికి నడిచి వెళ్తూ ఉంటుంది. భర్త పైలోకానికి కాక కిందికి పోతాడేమోనన్న భయం ఆమెది. పూజో తల్లి గొంతు డాన్‌కు ఇచ్చేశాక, నవలలోని తల్లికి మాట్లాడడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. ఆమె వంట చేస్తుంది, పిల్లలను చూసుకుంటుంది, కొడుకు శవం దగ్గర ఏడుస్తుంది. కాని తన భర్త ఎటువంటివాడన్న విషయంలో ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పని అభిప్రాయం ఆమెకు ఉంది. ఆమె వేకువనే లేచి, నల్ల దుస్తులు వేసుకుని, దాన్ని చర్చిలో చెప్పుకుని వస్తుంది.